గులాబీ బోరింగు

"ఎవడ్రా మన బోరింగుకు ఎర్రరంగు పూసింది?"

ఆగయ్య కేక వాడ చివరిదాకా వినబడింది.

పొద్దున ఊరంతా ఇళ్ళకు తాళాలేసి మేడిపల్లి రోడ్డెక్కింది. వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, రోడ్డు మీదే వండి, అక్కడే తిన్నారు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు కూడా ట్రాక్టరెక్కారు. ఊళ్ళో కుక్కలు తప్ప ఎవరూ మిగల్లేదు. గొంతులు పోయి తిరిగొచ్చేసరికి వాడ నడుమ చేతిపంపు మెడదాకా ఎర్రగా మెరుస్తోంది. రంగు ఇంకా తడి ఆరలేదు.

ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది? రాజమల్లు పనే. తెలంగాణ కావాలని ఇద్దరూ అంటారు. ఊరేగింపులో ఎవరి జెండా ముందుండాలన్న దగ్గరే కొట్టుకుంటారు. రాజమల్లుది ఎర్రజెండా. ఆగయ్యది గులాబీ కండువా. సకల జనుల సమ్మె మొదలైనప్పటినుంచి ఒకరు రాసిన గోడ మీద ఇంకొకరు సున్నం కొడుతున్నారు. ఇప్పుడు బోరింగు దాకా వచ్చింది.

"ఏంరో రాజమల్లు, గోడలు సాలలేదా? నీళ్ళ మీద గూడ జెండ పాతినవా?"

రాజమల్లు బోరింగు వంక చూశాడు. తన జెండా పట్టే కుర్రాళ్ళెవరో వెనక ఉండిపోయి చేసిన పనే అనుకున్నాడు. కాదనలేదు. పైగా మురిశాడు.

"నీళ్ళు అందరియి ఆగన్నా. అందరిదంటె ఎరుపే గద. పోరగాండ్లు మంచిగనే కొట్టిండ్రు."

"గట్లనా? నిలవడు. నీ ఎరుపు సంగతి జెప్త."

సభ గేటుకు తెచ్చిన గులాబీ రంగు డబ్బాలో సగం మిగిలి ఉంది. ఆగయ్య తానే బ్రష్షు పట్టాడు. ఒక పూత వేస్తే ఎరుపు కనబడింది. ఇంకో పూత వేశాడు. ఎక్కడా ఎరుపు లేకుండా చేసి, పైన తెల్లగా 'జై తెలంగాణ' అని రాశాడు. వాడంతా చప్పట్లు కొట్టింది.

"ఇగ గిది మన బోరింగు. మనింట్ల తాగుడుకు నీళ్ళు గీడికెల్లే" అన్నాడు భార్యతో.

భూమవ్వ బిందె చంకలోనే ఉంచుకుంది. "బడికాడి బోరింగు నీళ్ళు తియ్యగుంటయి గదయ్యా. ఇన్నొద్దులు గవ్వే తాగితిమి."

"ఉద్యమం జేసేటోని ఇంట్ల తీపేందే? మొయ్యి."

భూమవ్వ మోసింది.

ఇంట్లో బిడ్డ కవిత కాన్పుకొచ్చి ఉంది. అల్లుడు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. మనవడికి రెండు నెలలు. కవితకు జ్వరమొచ్చి పాలు ఎండిపోతే, కోరుట్ల నుంచి తెచ్చిన డబ్బా పాలపొడి కలిపి పడుతున్నారు. కలిపేది గులాబీ బోరింగు నీళ్ళలో.

వారం తిరగకముందే పిల్లవాడి పెదవులు నల్లబడ్డాయి. నేరేడుపళ్ళు తిన్నట్టు. తర్వాత గోళ్ళు. పాలు పట్టిన కాసేపటికి ఊపిరి ఎగబోసేవాడు.

ఆర్‌ఎంపీ పెంటయ్య వచ్చి చూశాడు. "సల్లగాలి కొట్టింది. నీళ్ళు బాగ మసలబెట్టి పొయ్యుండ్రి."

భూమవ్వ గిన్నెడు నీళ్ళు సగమయ్యేదాకా మరిగించింది. పిల్లవాడు ఇంకా నల్లబడ్డాడు. ఇంకొంచెంసేపు మరిగించింది.

"అవ్వా, వీడు ఏడుస్తలేడు" అంది కవిత. "ఏడిస్తెనన్న బాగుండు."

అప్పుడు ఆగయ్యకు శైలజ గుర్తొచ్చింది. సమ్మెకు ముందు జగిత్యాల వ్యవసాయ కాలేజీ నుంచి వచ్చిన, పరిశోధన చేసే పిల్ల. పొలాలకు కొట్టిన యూరియా భూమిలోకి దిగి నీళ్ళలో కలుస్తోందని, అది పసిపిల్లల రక్తాన్ని నల్లబరుస్తుందని చెప్పి, ఊళ్ళో బోరింగులన్నిటి నీళ్ళు సీసాల్లో నింపుకుపోయింది. "ముందు తెలంగాణ రానియ్యి బిడ్డా, నీళ్ళ ముచ్చట ఎనుక సూద్దాం" అని అప్పుడు ఆగయ్య నవ్వాడు. ఇప్పుడు ఆమె ఇచ్చిపోయిన నంబరుకే ఫోన్ చేసి మనవడి సంగతి చెప్పాడు.

"పరీక్ష అయింది కాకా" అంది శైలజ. "మీ ఊర్ల ఒక్క బోరింగే ఖరాబున్నది. పెద్దోళ్ళకు ఎర్కగాదు, పసిపిల్లల పాణం తీస్తది. మసలబెడితె ఇంక చిక్కనైతది. గా నీళ్ళైతె పోస్తలేరు గద?"

"ఏ బోరింగు?"

ఫోన్ తెగిపోయింది. కరెంటు లేక సెల్ టవర్ ఆగిపోయింది. బొగ్గుగనులు కూడా సమ్మెలోనే ఉన్నాయి.

ఆగయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. గుండె కుదుటపడింది.

"బడికాడిదే అయ్యుంటది. దాన్ని ఇడిసిపెట్టుడే మంచిగైంది. ఇన్నొద్దులు తాగిన ఇషం ఇప్పుడు బయటికొస్తున్నది. మన బోరింగు నీళ్ళు ఇంకిన్ని పట్టే, కడుక్కపోతది."

భూమవ్వ ఇంకో సీసా కలిపింది.

శైలజ స్కూటీ మీద వచ్చేసరికి పిల్లవాడు బూడిదరంగుకు తిరిగాడు. ఆమె వాడి గోళ్ళు చూసి, వెంటనే జగిత్యాల పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంది. సమ్మెలో ఆటోలు తిరగొద్దని ఆపించింది ఆగయ్యే. ఇప్పుడు తానే ఆటో డ్రైవరు కాళ్ళు పట్టుకున్నాడు. కవిత పిల్లవాడిని గుండెకు అదుముకుని ఎక్కింది. భూమవ్వ చెప్పులు లేకుండా ఎక్కింది. ఆటో జగిత్యాల దారి పట్టింది.

"పాలల్ల ఏ నీళ్ళు కలిపిండ్రు కాకా?" అంది శైలజ.

"బడికాడియి కాదు బిడ్డా, ఎన్నడో బంద్ జేసిన" అన్నాడు ఆగయ్య. "గివ్వి. మన బోరింగుయి."

శైలజ బోరింగు దగ్గరికి నడిచింది. స్కూటీ తాళంచెవితో 'జై తెలంగాణ' కింద గట్టిగా గీకింది. గులాబీ పెచ్చు లేచి నేల మీద పడింది. లోపల ఎరుపు.

"ఊర్ల ఎవ్వలు లేకపాయె, రంగు సూస్తెనన్న ఎర్కైతదని" అంది ఆమె, "గీ నీళ్ళు తాగొద్దని గీ ఎరుపు మేమే ఏసిపోయినం కాకా."