సగం గీత

పెద్ద వరద వచ్చిన మరుసటి ఏడు జరిగిందిది. గాజు చెక్కే పెద్దాయన ఇంట్లో తాతల నాటి గ్లాసు ఒకటుంది. దాని మీద గులాబీ అంటే ఇల్లు, రెండు మొగ్గలంటే ఆయనా, ఆయన తమ్ముడూ. ఎవరైనా పోతే ఆ మొగ్గ కాడకు అడ్డంగా గీత చెక్కడం ఆ ఇంటి ఆనవాయితీ. గీత పడితే ఆ మనిషికీ, అతని వాళ్ళకీ ఇంట్లో వాటా పోయినట్టే.

తమ్ముడు వరదలో కనపడకుండా పోయాడు.

"శవం దొరకలేదు కదా బావగారూ, అప్పుడే గీత పెట్టకండి" అని మరదలు కాళ్ళావేళ్ళా పడింది.

"వరద తీసుకెళ్ళినవాణ్ణి తెచ్చి గుమ్మంలో దింపుతుందా?" అంటూ ఆయన గీత చెక్కేశాడు.

ఆమె మూట సర్దుకుని వెళ్ళిన రాత్రి, కింది గదిలో చెక్కుడు చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆయన దీపం పట్టుకుని దిగేసరికి ఆగిపోయింది. కాలితో తొక్కే పలక తడిగా ఉంది. గ్లాసు మీద తమ్ముడి మొగ్గ కాడ నున్నగా ఉంది, గీత జాడే లేదు. పెద్దాయన మొగ్గ కాడ మీద మాత్రం కొత్త గీత ఉంది, సగం దాకా.

తమ్ముడు ఏ పనైనా సగంలో వదిలేసేవాడు. "మిగతాది నువ్వు కానియ్ అన్నయ్యా" అని చేతులు దులుపుకునేవాడు.

తెల్లారాక పెద్దాయన ఇంటి తాళంచెవి మరదలి చేతిలో పెట్టి వచ్చాడు. చక్రం ముందు కూర్చుని, తమ్ముణ్ణి తిట్టుకుంటూ, ఎప్పటిలాగే మిగతా సగం తానే పూర్తి చేశాడు.