రెండేళ్ల షరతు

"డాక్టరు పరీక్షలు, ప్రశ్నలు ఏవీ లేని బీమా ఉందన్నావుగా, అదే రాయి," అన్నాడు బావ, పాత మోటారుకు రాగి తీగ చుడుతూ.

గుండెకు ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పి నెలైంది. ఆ మాటెత్తితే చాలు, బావ ఇంతెత్తున లేస్తున్నాడు.

బీమా ఏజెంటుని కాబట్టి కాగితాలు తీశాను. గుమ్మంలో అక్క ఊపిరి బిగబట్టి నిలబడింది.

"పరీక్షలుండవు బావా. కానీ రెండేళ్లలోపు జబ్బుతో పోతే కట్టిందే వెనక్కొస్తుంది. అంతే."

తీగ చుట్టే చెయ్యి ఆగిపోయింది.

"చస్తే ఇచ్చే డబ్బుకి బతికుండాలని షరతేంట్రా?"

కాగితాలు బావ ముందుకు జరిపాను. బావ ఛాతీ రుద్దుకుంటూ చాలాసేపు గోడకేసి చూశాడు. చివరికి సంతకం గీకి, తల తిప్పకుండానే అక్కనడిగాడు.

"ఏమే, ఆపరేషన్ ఎప్పుడు చేస్తానన్నాడు ఆ డాక్టరు?"

నన్ను సాగనంపడానికి అక్క వీధి మలుపు దాకా వచ్చింది.

"ఏడాది షరతుది కూడా చూపించానుగా అక్కా. పట్టుబట్టి రెండేళ్లదే ఎందుకు తెమ్మన్నావు?"

అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఆపరేషన్ లేకుండా ఏడాది ఎలాగో లాగొచ్చని డాక్టరు మీ బావతోనే చెప్పాడురా. రెండేళ్లు మాత్రం లాగలేరన్నాడు."