తుంగపొదతో మాటలు

ఒక గుట్ట మీద నలభై బాతులు ఉండేవి. తాగడానికి తప్ప అవి నీళ్ల జోలికి పోయేవి కావు. నీళ్లలో దిగిన బాతు రాయిలా మునిగిపోతుందని వాటి గురువు గుట్టస్వామి చెప్పేవాడు. అందుకే అన్నీ దుమ్ములోనే స్నానం చేసేవి. తురాయి అనే బాతు అక్కడే పుట్టింది. తనూ అదే నమ్మింది.

ఒక వానాకాలం తురాయి కాలుజారి కింది కుంటలో పడింది. కళ్లు గట్టిగా మూసుకుని చావు కోసం ఎదురుచూసింది. ఎంతకీ రాకపోయేసరికి కళ్లు తెరిచింది. తను హాయిగా తేలుతోంది.

పరుగున గుట్టెక్కి, “స్వామీ, మనం మునగం” అని చెప్పింది.

“నువ్వు మునిగిపోయావు” అన్నాడు గుట్టస్వామి శాంతంగా. “చచ్చినవాళ్లతో ఎవరూ మాట్లాడకండి.”

అమ్మ కూడా తల తిప్పుకుంది. తురాయి ఏడుస్తూ కుంటకి వెళ్లిపోయింది. మొదట్లో నీళ్లలో దిగేటప్పుడల్లా కాళ్లు వణికేవి. చేపల రుచి తెలిశాక వణుకు తగ్గింది.

ఒక ఉదయం అమ్మ గట్టు మీదికి వచ్చింది. కూతురి వైపు చూడకుండా, పక్కనున్న తుంగపొదను అడిగింది. “పొదా, మా పిల్ల సరిగ్గా తింటోందా?”

తురాయికి నవ్వొచ్చింది, కళ్లు కూడా చెమర్చాయి. పొద వెనక్కి చేరి గొంతు మార్చి, “తింటోందమ్మా. కాస్త లావైంది కూడా” అంది.

“నా మీద కోపంగా ఉందా?”

“లేదు. రోజూ నిన్నే తలుచుకుంటుంది.”

మరుసటి వారం అమ్మ వెంట మరో నాలుగు బాతులు వచ్చాయి. పొద ముందు ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడ్డాయి. చివరికి ఒకటి గొంతు తగ్గించి అడిగింది.

“పొదా, ముందు ఏ కాలు పెట్టాలి?”