దిగుమతి పేజీలు

“మొత్తం ఎత్తుకొచ్చీ ధరణీ. ఒక్క పేజీ కూడా అక్కడ మిగలకూడదు.”

“అరే అంకుల్, ఇది కాపీ. మనం తెచ్చుకున్నా వాళ్లది వాళ్ల దగ్గరే ఉంటాది.”

ఆ మాట అచ్చిబాబుకి రుచించలేదు. హాడో బజార్లో, ఓడల మీద వచ్చే సరుకుతో, హార్డ్‌వేర్ షాపు నడిపే మనిషి. సరుకు దిగిందంటే అక్కడ ఖాళీ, ఇక్కడ నిండు. రెండు చోట్లా ఒకేసారి ఉండే సరుకుని ఆయన జన్మలో చూడలేదు.

ఆదివారం తెలుగు సంఘం ఎన్నికలు. అధ్యక్షుడి హోదాలో అచ్చిబాబు నిరుడు అట్టహాసంగా ఒక వికీ సైటు మొదలుపెట్టాడు. ఓడెక్కి వచ్చి ఈ ద్వీపాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్ల వంటలు, పాటలు, ముచ్చట్లు ఎవరైనా అందులో పేజీలుగా రాయొచ్చు. రాయొచ్చు అంటూనే, “వంటింటి ఆడోళ్లు రాస్తే సైటు పరువు పోద్ది, చదువుకున్నోళ్లే రాయాల” అని మైకులో చెప్పాడు. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు చప్పట్లు కొట్టలేదు. చదువుకున్నవాళ్లు ఇప్పటిదాకా రాసింది ఒకే ఒక్క పేజీ. అందులో అచ్చిబాబు ఫోటో ఉంది.

ఆయనకి పోటీగా నిలబడ్డ పోలిరాజు బ్రూక్షాబాద్‌లో పెట్టిన సైటేమో పేజీలతో కిటకిటలాడుతోంది. ఆదివారంలోగా తన సైటు నిండకపోతే కుర్చీ పోలిరాజుదే. కుర్చీ లేని అచ్చిబాబుని సంఘంలో ఎవరు పలకరిస్తారు? ఆ దిగులుతో ఆయనకి కొన్నాళ్లుగా నిద్ర లేదు.

అందుకే జెరాక్సు షాపు ధరణిని పట్టుకున్నాడు. కంప్యూటర్ పని ఏదైనా ఆ అమ్మాయికి చిటికెలో పని. తెలుగు చదవమంటే మాత్రం చెమటలు పడతాయి, చదివింది హిందీ మీడియం మరి.

“ఇది చోరీ కాదు కదమ్మా?” అన్నాడు గొంతు తగ్గించి.

“కాదు అంకుల్. ఎవరైనా తీసుకోవచ్చని వాళ్లే రాసి పెట్టారు. కాకపోతే రాసినోళ్ల పేరు పేజీతో పాటే వచ్చీస్తాది. అది తియ్యకూడదు.”

ధరణి ఎక్స్‌పోర్ట్ నొక్కింది. పోలిరాజు సైటులోని పేజీలన్నీ ఒకే ఫైలుగా మూటకట్టుకుని దిగాయి. ఆ మూటని అచ్చిబాబు సైటులోకి ఇంపోర్ట్ చేయడం మొదలుపెట్టింది. నెట్ ఎప్పటిలాగే నత్తలా పాకుతోంది.

“ఆంటీ బాగున్నారా?” అంది, ఊరికే కూర్చోలేక.

“దానికేటి లోటు! మధ్యాన్నమైతే చాలు, వంటింట్లో ఫోను పట్టుకుని టెక్కలిలో చెల్లెలితో ఒకటే వాగుడు. ఆడోళ్లు మాటాడతారమ్మా, రాయలేరు.”

ధరణి హిందీలో ఏదో గొణుక్కుంది. అది అచ్చిబాబుకి వినపడకపోవడమే మంచిదయింది.

ఇంపోర్ట్ పూర్తయింది. అచ్చిబాబు సైటు ఒక్కసారిగా కళకళలాడింది. చాలా పేజీల కింద రాసినవాళ్ల పేరు ఒక్కటే: ఉప్పుగాలి.

“ఎవరో పెద్ద పండితుడిలాగుంది. ఏదీ, ఓ పేజీ చదువు.”

ధరణి అక్షరాలు కూడబలుక్కుంది. “రొయ్యల ఇగురు. రొయ్యలకి పసుపు రాసి కడిగి... నీరు ఇంకేదాకా మూత పెట్టి... మజ్జిగ తే ఉప్పెయ్యకు... ఇంకిన తరవాత కొబ్బరిపాలు పోసి...”

“రొయ్యల్లో మజ్జిగేటమ్మా?”

“అదే రాసుంది అంకుల్. ఇంకోటి చూద్దాం. ‘నేను కాపురానికొచ్చిన ఓడ’. ఓడ కదిలి ఒడ్డు కనపడకుండా పోయేసరికి ఏడుపొచ్చింది. కడుపులో తిప్పుతుంటే ఆయన నా చేతిలో నిమ్మకాయ పెట్టి, వాసన చూడు, తగ్గిపోద్ది అన్నారు. మజ్జిగ తే ఉప్పెయ్యకు. ఎండిపోయినా ఆ నిమ్మకాయని చాన్నాళ్లు పారెయ్యలేదు.”

ధరణి కాసేపు ఆలోచించి ఫక్కున నవ్వింది. “సమఝ్ గయీ, అర్థమైపోయింది! ఈవిడ ఫోనులో మాటాడి టైపు చేస్తున్నారు అంకుల్. మనం మాటాడితే అదే రాసుకుంటాది. పక్కనుంచి ఎవరు అరిచినా అదీ పడిపోద్ది.”

“అయితే ఈ మజ్జిగోడు...”

“ఆవిడ మొగుడు. రోజూ అదే టైముకి ఇంటికొచ్చి అరుస్తున్నట్టున్నాడు.”

అచ్చిబాబు పొట్ట పట్టుకుని నవ్వాడు. “నిమ్మకాయ ఇచ్చాడంటే మొదట్లో మంచోడే. తరవాత పాడైపోయాడు. పాపం, ఆ ఇల్లాలు ఎవరో గానీ!”

“ఈ అరుపులన్నీ అన్ని పేజీల్లోంచి ఒకేసారి తీసెయ్యొచ్చు. తీసెయ్యనా?”

“వద్దొద్దు, ఉంచు! పోలిరాజు జట్టులో మగాళ్లు పెళ్లాల్ని ఎలా చూస్తున్నారో జనానికి తెలియాల.”

అక్కడికక్కడే సంఘం వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. మజ్జిగ మాట దీర్ఘాలు తీసి మరీ వినిపించి, “ఈ అరిచే మొగుడు ఎవరో కనిపెట్టినోళ్లకి ఆదివారం స్టేజీ మీద శాలువా!” అని ముగించాడు.

క్షణాల్లో ఫోను టింగుటింగుమంది. కనకదుర్గ, సుచరిత, ఎలీసబెతు... గ్రూపులోని ఆడవాళ్లందరూ కళ్లంబట నీళ్లొచ్చేలా నవ్వే బొమ్మలు వరసగా పెట్టారు. ‘శాలువా మాకే’ అని కూడా కొందరు రాశారు.

“చూశావా? ఆడోళ్ల ఓట్లన్నీ మనకే పడిపోనాయి. ఆ ఉప్పుగాలి ఎవరో కనుక్కుని సన్మానం కూడా చేసీద్దాం.”

ఆస్టినాబాద్‌లో తన ఇంటి ముందు స్కూటరు ఆపేసరికి ఎండ మాడ్చేస్తోంది. జేబులో ఫోను ఇంకా టింగుమంటూనే ఉంది. వంటింట్లో భార్య కామేశ్వరమ్మ ఎప్పటిలాగే ఫోనుతో మాట్లాడుతోంది. చాన్నాళ్లకి అచ్చిబాబు గుండె తేలికపడింది. చెప్పులు విడిచి, కుర్చీలో కూలబడి, వంటింటి వైపు తిరిగి రోజూ అరిచినట్టే అరిచాడు.

“మజ్జిగ తే, ఉప్పెయ్యకు!”