లోపలి గుడ్డ

“దీన్ని బాగుచేసే బదులు కొత్తది తీసుకోండమ్మా,” అంది గిలకలక్క.

“వద్దు. కొత్తవి ఆడిస్తే గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వాడికి ఈ చప్పుడే కావాలి,” అంది వచ్చినావిడ. తడి గొడుగు గుమ్మం పక్కన ఆనించి, సంచీలోంచి గిలక్కాయ తీసి బల్ల మీద పెట్టింది. “పైగుడ్డ పాడైందని చించేశాను. మంచి రంగుది ఒకటి కుట్టి ఇవ్వు, చాలు.”

వీధిలో అందరూ ఆమెను గిలకలక్క అనే పిలుస్తారు. ఖాళీ రేకు డబ్బాలో గుండీలు పోసి, దూది చుట్టి, దర్జీలు పారేసిన ముక్కలతో పైన గుడ్డ కుడుతుంది. పుట్టిన బిడ్డను చూడబోయే పేదవాళ్ళు ఒట్టి చేతులతో వెళ్ళక్కర్లేదు.

గిలకలక్క దాన్ని చేతిలోకి తీసుకుంది. పైగుడ్డ లేదు గానీ లోపలి గుడ్డ అలాగే ఉంది. ఆకుపచ్చ గళ్ళు. ఒక మూల ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ.

అది అమ్మ దుప్పటి. ఆ మచ్చ చిన్నప్పుడు తను చేసిందే. ఆ దుప్పటి ముక్క ఒకే ఒక్క గిలక్కాయలో పెట్టింది. చెల్లెలి కొడుకు కోసం.

పోయిన వారం ఆసుపత్రి వరండాలో చెల్లెలికి కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి పక్కలో బిడ్డా లేడు, గిలక్కాయా లేదు. అప్పట్నుంచి చెల్లెలు గది తలుపు తియ్యడం లేదు.

ఈవిడ జుట్టు పట్టుకుంటే బిడ్డ ఎక్కడున్నాడో చెబుతుందా? గిలకలక్క గిలక్కాయను అటూ ఇటూ తిప్పి చూస్తూ అడిగింది.

“బాబుని తీసుకురాలేదా?”

“ఇంట్లో ఉన్నాడు.”

“ఇల్లు దగ్గరేనా?”

“ఎందుకమ్మా, చుట్టపుచూపుగా వస్తావా? పని కానివ్వు.”

“లోపల మెత్తటి నూలు గుడ్డ ఉంది, తెస్తా,” అంటూ లేచింది.

వంటింట్లో భర్త టీ తాగుతున్నాడు. అదే ఆసుపత్రిలో అంబులెన్సు డ్రైవరు. వారం నుంచి బిడ్డ కోసం అతను తిరగని వీధి లేదు.

“పిల్లాడి ఆచూకీ దొరికింది,” అని చెవిలో అంతా చెప్పింది.

అతను గ్లాసు కింద పెట్టాడు. “ఆవిడకి అనుమానం వచ్చిందా?”

“లేదు.”

“మీ చెల్లెలికి చెప్పావా?”

“ఇంకా లేదు.”

“చెప్పకు. ఆశపెట్టి మళ్ళీ చంపుతామా? నీ ఫోన్ ఇలా ఇవ్వు, నా దాంట్లో ఛార్జింగ్ లేదు. పోలీసుల్ని నేను తీసుకొస్తా. నువ్వు తొందరపడకు, ఏ పుట్టలో ఏ పాముందో. నేను వచ్చేదాకా ఆవిణ్ణి కదలనివ్వకు.”

పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

గిలకలక్క కుట్టడం మొదలుపెట్టింది. కుట్టింది విప్పింది. మళ్ళీ కుట్టింది.

“పెళ్ళికొడుక్కి కోటు కుడుతున్నావా ఏంటక్కా?”

“దారం ఊడితే పసివాడి గొంతులో పడుతుందమ్మా.”

ఆవిడ గడియారం చూసి లేచింది. “ఎంతైతే అంతే, ఇచ్చెయ్.”

గిలకలక్క సూదిని డబ్బా అంచుకి నొక్కి ఫట్‌మని విరిచింది. “అయ్యో, మొన విరిగింది! అది దొరికేదాకా ఇవ్వకూడదు. ఈ గుడ్డలోనే ఉందేమో!”

ఆవిడ ముఖం పాలిపోయింది. “వెతుకు, వెతుకు,” అంటూ తనూ మోకాళ్ళ మీద కూర్చుని నేల తడమసాగింది. బిడ్డను ఎత్తుకుపోయిన మనిషికి ఆ బిడ్డ మీద ఇంత ప్రేమా! గిలకలక్క సూది ముక్కను పిడికిట్లో దాచుకుని, తనూ వెతుకుతున్నట్టు నటించింది. మొన అరచేతిలో దిగి రక్తం వస్తోంది.

వీధి తలుపు తెరుచుకుంది. భర్త వచ్చాడు. వెనక ఎవరూ లేరు.

“పోలీసులేరీ?” నోరు జారింది గిలకలక్క.

అతను తలుపు మూసి, పైగడియా కిందిగడియా పెట్టాడు. భార్య వంక చూడనైనా చూడకుండా, నేల మీదున్న ఆవిడతో పళ్ళు కొరుకుతూ అన్నాడు.

“బిడ్డని నీ చేతికిచ్చిన రోజే ఆ గిలక్కాయని కాల్చెయ్యమన్నానా లేదా?”