పద్దెనిమిది మార్కుల బేరం

చెప్పుల షాపు యజమాని స్కూలు స్టాఫ్ రూంలో అడుగుపెట్టేసరికి ఆయన చేతిలో ఉన్న సరుకు కూతురి మార్కుల కార్డు ఒక్కటే. మిగతాదంతా కోపం.

"మా అమ్మాయికి లెక్కల్లో వచ్చింది ఎనభై రెండు. పక్కనే అరవై నాలుగని వేశారు. మధ్యలో పద్దెనిమిది మార్కులు ఎటు పోయాయి మాస్టారూ?" గది అదిరేలా అడిగాడు.

లెక్కల మాస్టారు ఉలిక్కిపడ్డాడు. "మెల్లగా చెప్పండి. నాకు వినపడుతోంది."

షాపాయన నమ్మలేదు. సారుకు కొంచెం చెముడనీ, గట్టిగా మాట్లాడాలనీ బయల్దేరేటప్పుడే కూతురు చెప్పింది. ఊరికే తలూపి రావద్దనీ, అర్థమయ్యేదాకా కుర్చీ వదలొద్దనీ కూడా చెప్పింది. పాపం, నిన్నంతా ఆ కార్డు పట్టుకుని ఒకటే ఏడుపు.

"అది మార్కు కాదండీ, పర్సంటైల్ ర్యాంకు. మీ అమ్మాయి నూటికి ఎంతమందిని దాటిందో చెప్పే అంకె. క్లాసులో చెప్పాను. రేపు ఆ పాఠం మీదే పరీక్ష. ఒకసారి చెప్పింది రెండోసారి చెప్పే అలవాటు నాకు లేదు. పిల్లలందరికీ తెలుసు."

"ఆ రూలు పిల్లలకు. నేను గిరాకీని. మా షాపుకొచ్చినవాళ్లు పది జతలు తీయించి ఒక్కటీ కొనకుండా పోతారు. పదకొండోది అడిగినా నవ్వుతూనే తీస్తాం. మీరు ఒక్క జత చూపించలేరా?"

మాస్టారు కిటికీ వైపు ఓసారి చూశాడు. నిట్టూర్చాడు. చాక్‌పీసు తీసుకుని గోడ మీది బోర్డు దగ్గరకెళ్లాడు. "సంచిత పౌనఃపున్యం అంటే..."

"ఆ మాట మా షాపులో అంటే గిరాకీ చెప్పులు వదిలేసి మరీ పరిగెడుతుంది. అరలూ జతలూ పెట్టి చెప్పండి."

"సరే, అరలే అనుకుందాం." ఉన్నట్టుండి మాస్టారి గొంతు కూడా పెరిగింది. చెవులు మందగించినవాళ్లు అంతే, తమ మాట తమకే వినపడక అరుస్తారు అనుకున్నాడు షాపాయన. "పరీక్ష రాసింది అన్ని స్కూళ్లూ కలిపి అయిదువేల మంది. పదేసి మార్కులకు ఒక అర. ఎనభైకి లోపు వచ్చినవాళ్లు, కింది అరలన్నీ కలిపి, మూడువేలు. ఎనభై నుంచి తొంభై లోపు అరలో వెయ్యిమంది. మీ అమ్మాయి ఈ అరలో ఉంది."

"ఈ అరలో ఎక్కడ?"

"అదీ ప్రశ్న! అర వెడల్పు పది మార్కులు. మీ అమ్మాయి రెండు మార్కుల మేర లోపలికి వచ్చింది. అంటే అరలో అయిదో వంతు. కాబట్టి ఆ వెయ్యిమందిలోనూ అయిదో వంతు, రెండు వందల మంది, ఆమె వెనక ఉన్నారనుకుంటాం. మూడువేలకు కలిపితే మూడువేల రెండు వందలు. అయిదువేలకు అంతైతే, నూటికి అరవై నాలుగు."

షాపాయన కోపం సగం దిగింది. కానీ బేరం తెలిసినవాడు సగంలో ఆగడు.

"అనుకుంటాం అన్నారే, అక్కడ పట్టుకుంటా మిమ్మల్ని. ఆ అరలో మిగతావాళ్లందరికీ ఎనభై ఒకటే వచ్చి ఉంటే?"

"ఉండొచ్చు."

"అప్పుడు మా అమ్మాయి అందరినీ దాటేసినట్టేగా! పేపర్లు తీసి చూడండి."

"నా దగ్గరెక్కడివి? దిద్దింది వేరేచోట. ఏ అరలో ఎంతమందో మాత్రం మాకు పంపారు. పెట్టెలు విప్పకుండా అరను బయటినుంచి చూస్తున్నామన్నమాట. లోపల ఎవరెక్కడున్నారో తెలియనప్పుడు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సమంగా సర్దుకుని ఉన్నారనుకోవడమే న్యాయం. ఈ పద్ధతికి ప్రాణం ఆ ఒక్క ముక్కే."

"అంటే అందాజు."

"అందాజే. కానీ పద్ధతున్న అందాజు."

షాపాయన కుర్చీలోంచి లేచి బోర్డు ముందు నిలబడ్డాడు. "అయితే ఎనభై తొమ్మిది వచ్చినవాడు ఈ అరలో తొమ్మిది వందల మందిని దాటాడు. మూడువేలకు కలిపితే మూడువేల తొమ్మిది వందలు. నూటికి..." వేళ్లు మడిచాడు. "డెబ్భై ఎనిమిది!"

"అక్షరాలా డెబ్భై ఎనిమిది!" మాస్టారు బల్ల చరిచాడు.

షాపాయన కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అరిచినందుకు ఏమీ అనుకోకండి. మీకు చెముడని మా అమ్మాయి..."

"నాకా?" మాస్టారు నవ్వాడు. "చివరి బెంచీలో గుసగుసలాడితే బోర్డు దగ్గర్నుంచే పట్టేస్తాను."

షాపాయన ఆలోచిస్తూ బయటికొచ్చి, వరండాలో ఠక్కున ఆగిపోయాడు. కిటికీ కింద, గోడకు ఆనుకుని, క్లాసంతా బాసింపట్లు వేసుకుని కూర్చుంది. అందరి ఒళ్లోనూ నోటుబుక్కులు. ముందు వరసలో ఆయన కూతురు, నోటి మీద వేలు.

"మరి నిన్నటి ఏడుపు మార్కులు తగ్గాయని కాదా?"

"ఆ పాఠం ఒక్క ముక్క అర్థం కాలేదని నాన్నా. మాకైతే సారు మళ్లీ చెప్పరుగా," అంది గుసగుసగా. "అందరికీ ఎనభై ఒకటే వస్తే అని భలే అడిగావు! మాలో ఒక్కరికీ ఆ ధైర్యం లేదు."

షాపాయన మనసులో లెక్క చూసుకున్నాడు. వసూలు చేద్దామని వెళ్లిన పద్దెనిమిదిలో ఒక్క మార్కూ రాలేదు. తీసుకెళ్లిన కోపం లోపలే వదిలేసి వచ్చాడు. బదులుగా క్లాసు మొత్తానికీ ఒక పాఠం దక్కింది, అదీ మాస్టారికి తెలియకుండా. ఈ సీజనులో ఇంత లాభసాటి బేరం ఆయన చేయలేదు.

అప్పుడే కిటికీలోంచి మాస్టారి గొంతు ఖంగుమంది: "చివర కూర్చున్నవాళ్లకు ఆ డెబ్భై ఎనిమిది లెక్క అందిందా, లేక ఆయన్ని మళ్లీ లోపలికి పంపుతారా?"