పట్టాలు లేని దారి

పట్టాలు పీకేసిన బిట్రగుంట పాత లైను మీద ఉషారాణి సైకిలు తొక్కుతోంది. వెనక క్యారియర్ మీద భర్త హజరత్తయ్య, ముప్పై ఏళ్లు పట్టాల బిగింపులు చూసుకుంటూ ఈ లైను వెంట నడిచిన కీమ్యాన్. కంటి డాక్టరు ఏం చెప్పాడో మూడు రోజులుగా నోరు విప్పడం లేదు. ఆమె మనసుకు కుదురు లేదు.

"ముందర వంపుండాది మే. కంకర జారతాది, నిదానం... ఇంక కల్వర్టు, బ్రేకెయ్యి."

"నన్ను తొక్కనియ్యవయ్యా!" అని కసిరింది గానీ, ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆయనకు అన్నీ కనిపిస్తున్నాయి. స్వామీ, చల్లగా చూశావు.

కల్వర్టు దగ్గర సైకిలు ఆపి వెనక్కి తిరిగింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

"ఏందయ్యా ఇది?"

"అలవాటు చేసుకుంటుండా. ఈ దారి నాకు కంఠతా వచ్చేసింది. రేపు బజారుకు పొయ్యే దారి నువ్వు నేర్పించు."